అంత్యదిన యుద్ధ ప్రవచనాలను చదవడం ఎలా: గోగు నుంచి హార్‌మెగిద్దోను దాకా

ఎక్కడైనా యుద్ధం మొదలైతే చాలు, మర్నాటికల్లా "ఇది యెహెజ్కేలు 38 కాదా?" అనే ప్రశ్న వచ్చేస్తుంది. గోగు అనే అధిపతి చాలా జనాంగాలతో ఇశ్రాయేలు మీదికి దండెత్తే అధ్యాయం అది. జవాబు వెతికేవాళ్లలో చాలామంది వార్తలో వచ్చిన దేశం పేరు పట్టుకుని, బైబిల్లో దానికి సరిపడే పేరు ఏదా అని చూస్తారు. పని తలకిందులుగా మొదలైంది కాబట్టి ఎంత శ్రద్ధగా చేసినా తప్పే తేలుతుంది.

ఇక్కడ చెప్పే వరుస వేరు. ముందు వాక్యభాగం, తర్వాత అది పలికిన కాలం, ఆ తర్వాత పేర్లు, గుర్తులు, ఆపైన ఒకదానితో ఒకటి పోల్చడం. నేటి దేశాల మాట అన్నిటికన్నా చివర.

## మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- రెండు వేర్వేరు బైబిలు అనువాదాలు. ఒకటి పదం వెంట పదం నడిచేది, ఒకటి వాడుక భాషలో ఉన్నది. రెండూ తేడాగా చెప్పిన చోటే మీ పని ఉంటుంది.
- పాత నిబంధన కాలపు పటం. నేటి ప్రపంచ పటం ఇప్పుడే వద్దు.
- బైబిలు పదసూచిక. ఒక పేరు ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూడడానికి.
- రూళ్ల నోట్‌బుక్. పేజీకి ఐదు నిలువు గడులు గీయండి: వచనం, ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతుంది, ఎలా ముగుస్తుంది.

వ్యాఖ్యాన గ్రంథాలు, ప్రసంగాలు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. వాటిని ముందే చదివితే ఆ తర్వాత వాక్యంలో మీకు కనబడేది కూడా వాళ్లు చెప్పిందే. ఎనిమిదో మెట్టు దాకా వాటిని మూసి ఉంచండి.

## 1. ఏ భాగాలు చదవాలో ముందు తేల్చుకోండి

అసలు యుద్ధ ప్రవచనాలుగా తీసుకోవలసినవి ఇవి:

- యెహెజ్కేలు 38, 39 (52 వచనాలు)
- యోవేలు 3 (21)
- జెకర్యా 12, 14 (14, 21)
- దానియేలు 11:40-45 (6)
- ప్రకటన 16:12-16 (5)
- ప్రకటన 19:11-21 (11)
- ప్రకటన 20:7-10 (4)

అన్నీ కలిపి 134 వచనాలు. బిగ్గరగా చదివినా గంటలోపే అయిపోతాయి. ఒకే దఫా కూర్చుని, ఆపకుండా, ఏమీ రాసుకోకుండా ఒకసారి చదవండి.

ఈ జాబితాలో లేని రెండింటి గురించి ఒక మాట. 83వ కీర్తనలో ఇశ్రాయేలు చుట్టూ పది జనాంగాల పేర్లు వస్తాయి కాబట్టి దాన్ని రాబోయే యుద్ధం అంటారు. కానీ అది ప్రార్థన. "జరుగును" అని ప్రకటించడం లేదు, "వారికి ఇలా చేయి" అని అడుగుతోంది. ఇక యెషయా 17లో దమస్కు పాడుదిబ్బ అవుతుందని ఉంది. క్రీ.పూ. 732లో అష్షూరు రాజు మూడో తిగ్లత్పిలేసెరు ఆ పట్టణాన్ని పట్టుకున్నాడు. ఆ నెరవేర్పును పక్కకు నెట్టి నేటి వార్తకు దాన్ని అంటించాలంటే ముందు కారణం చూపించాలి.

## 2. ఒక్కో భాగాన్ని విడిగా గడుల్లో నింపండి

రెండో చదువులో పెన్ను పట్టుకోండి. ఒక భాగం పూర్తయ్యేదాకా మరో భాగం తెరవొద్దు. యెహెజ్కేలు నింపుతున్నప్పుడు ప్రకటన గుర్తొస్తే పక్కన చిన్న చుక్క పెట్టి ముందుకు వెళ్లండి.

యెహెజ్కేలు 38-39కి గడులు నిండాక సుమారుగా ఇలా ఉండాలి:

- ఎవరు: మాగోగు దేశపు గోగు. అతనితో మెషెకు, తుబాలు, పారసీకులు, కూషు, పూతు, గోమెరు, తోగర్మా (38:2-6).
- ఎవరి మీదికి: గోడలు, గడియలు లేకుండా నిర్భయంగా ఉన్న జనుల మీదికి (38:11).
- ఎందుకు: దోపుడు సొమ్ము కోసం (38:12-13). అయితే దవడలకు గాలాలు తగిలించి రప్పించేది దేవుడు (38:4).
- ఎలా ముగుస్తుంది: భూకంపం, ఒకరి మీద ఒకరు కత్తి దూయడం, తెగులు, వడగండ్లు, అగ్నిగంధకాలు (38:19-22).
- తర్వాత: ఏడేళ్లు ఆయుధాలు కాల్చడం (39:9), ఏడు నెలలు పాతిపెట్టడం (39:12), పక్షులకు విందు (39:17-20).

గడుల్లో వాక్యంలో ఉన్న మాటే రాయాలి. "క్షిపణులు", "కూటమి దేశాలు", "శ్రమల కాలం" లాంటి మాటలు చొరబడితే అప్పటికప్పుడే కొట్టేయండి. నింపుతుండగా ఒక సంగతి మీకే తడుతుంది: ఇశ్రాయేలు సైన్యం యుద్ధం చేసినట్టు ఈ రెండు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. ఇశ్రాయేలీయులకు మిగిలిన పని కట్టెలకు బదులు ఆయుధాలు కాల్చుకోవడం, శవాలు పూడ్చడం.

## 3. ప్రవక్త ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చూడండి

ప్రతి భాగానికీ మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు పలికారు? ఎవరితో? అప్పుడు వాళ్ల మీద ఉన్న భయం ఏమిటి?

యెహెజ్కేలు బబులోను చెరలో, కెబారు నది దగ్గర ఉన్నవాడు. అతనికి పిలుపు వచ్చింది క్రీ.పూ. 593లో. 38, 39 అధ్యాయాలకు తేదీ లేదు. అయితే యెరూషలేము కూలిందన్న కబురు 33:21లో వస్తుంది, 40:1 క్రీ.పూ. 573 నాటిది. వరుసను బట్టి ఈ భాగం ఆ రెంటి మధ్యదని అనుకోవచ్చు. అంటే విన్నవాళ్లు ఒకసారి ఊరు, గుడి పోగొట్టుకున్నవాళ్లు. "తిరిగి వెళ్లాక మళ్లీ ఎవడైనా వచ్చిపడితే?" అనేది వాళ్ల గుండెల్లోని ప్రశ్న.

అధ్యాయాల వరుస మీద మరీ ఎక్కువ బరువు వేయకూడదు. పపైరస్ 967 అనే పాత గ్రీకు ప్రతిలో ఎండిన యెముకల అధ్యాయం (37) గోగు అధ్యాయాల తర్వాత వస్తుంది. "37 అయిపోయింది కాబట్టి ఇక 38 రావాలి" అని కాలపట్టిక గీసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రకటన గ్రంథం ఆసియలోని (నేటి తుర్కియే పడమటి భాగం) ఏడు సంఘాలకు రాసిన పత్రిక. క్రీ.శ. 95 ప్రాంతంలో రాశారని ఎక్కువమంది పండితులు, 70కి ముందని కొందరు అంటారు. ఏ తేదీ తీసుకున్నా మొదట చదివినవాళ్లు రోమా పాలన కింద నలుగుతున్న విశ్వాసులు. వాళ్లకు ఏ అర్థమూ ఇవ్వని వివరణ ఏదైనా మీ నోట్‌బుక్‌లో ఉంటే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

## 4. పేర్ల పని: అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగే చోటు

పేరు ఎదురైన ప్రతిసారీ ఈ నాలుగూ ఇదే వరుసలో చేయండి.

అ. అదే గ్రంథంలో ఆ పేరు ఇంకెక్కడ ఉంది? యెహెజ్కేలు 27:13-14 తెరవండి. తూరుతో వర్తకం చేసేవాళ్లలో తుబాలు, మెషెకు, తోగర్మా ఉన్నారు. వాళ్లు తెచ్చేది మనుషులు, ఇత్తడి వస్తువులు, గుర్రాలు. అంటే యెహెజ్కేలుకు ఇవి తన కాలపు బజారులో వినబడే పేర్లు.

ఆ. ఆదికాండము 10లో ఎక్కడ ఉంది? 10:2-3లో గోమెరు, మాగోగు, తుబాలు, మెషెకు యాపెతు కొడుకులు. తోగర్మా గోమెరు కొడుకు. కూషు, పూతు 10:6లో హాము కొడుకులు.

ఇ. ఆ కాలపు బయటి రాతలు ఏమంటాయి? అష్షూరు శాసనాల్లో ముష్కీ, తాబాలు, గిమిర్రాయి అనే పేర్లున్నాయి. మెషెకు, తుబాలు, గోమెరు వీళ్లే అని పండితులు గుర్తిస్తారు. మెషెకు, తుబాలు ఉన్నది నేటి తుర్కియే నేల మీద. కూషు ఐగుప్తుకు దక్షిణాన నైలు తీరం, పూతు లిబియా వైపు. పారసీకం విషయంలో చిక్కు లేదు, అది నేటి ఇరాన్‌లోని ప్రాంతమే.

ఈ. ఇప్పుడు మాత్రమే నేటి పటం తీయండి. పాత పేరున్న నేల మీద ఈ రోజు ఏ దేశం ఉందో చూడవచ్చు. పేరు చెవికి ఒకేలా వినబడటం ఆధారం కాదు.

ఈ వరుస ఎందుకో "రోషు" అనే మాట దగ్గర బాగా తెలుస్తుంది. హెబ్రీలో ఆ మాటకు మామూలు అర్థం "తల" లేక "ముఖ్యుడు". 38:2లో దాన్ని ఊరి పేరుగా తీసుకుంటే "రోషుకు, మెషెకుకు, తుబాలుకు అధిపతి" అవుతుంది. బిరుదులో భాగంగా తీసుకుంటే "మెషెకుకు, తుబాలుకు ప్రధాన అధిపతి" అవుతుంది. పాత గ్రీకు అనువాదం పేరుగా తీసుకుంది, ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదం బిరుదుగా తీసుకుంది. వ్యాకరణం ప్రకారం రెండిటికీ వాదించేవాళ్లున్నారు. పేరే అనుకున్నా అది రష్యా కాదు. "రూస్" అనే పేరు చరిత్రలో కనబడేది క్రీ.శ. 9వ శతాబ్దంలో, యెహెజ్కేలు తర్వాత వెయ్యేళ్లు దాటాక.

మెషెకు మాస్కో, తుబాలు తొబోల్స్క్ అనే జత కూడా అలాంటిదే. మాస్కో పేరు మొదటిసారి రాతలో కనబడింది 1147లో. తొబోల్స్క్ కట్టింది 1587లో.

"ఉత్తర దిక్కు చివర నుంచి" అన్న మాట (38:15, 39:2) చూపించి యెరూషలేము నుంచి నిలువుగా గీత గీస్తే మాస్కో తగులుతుంది కదా అంటారు. యిర్మీయా 1:14 చూడండి. కీడు ఉత్తరం నుంచే వస్తుందని ఉంది, వచ్చింది మాత్రం తూర్పున ఉన్న బబులోను. మధ్యలో ఎడారి ఉంది కాబట్టి సైన్యాలు పైకి వెళ్లి ఉత్తరపు దారిన దిగేవి. ప్రవక్తల నోట ఉత్తరం శత్రువు వచ్చే దారి.

ఇక గోగు ఎవరు? లుదియ రాజు గైగెసు పేరు అష్షూరు రాతల్లో "గుగు" అని ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చిన పేరని కొందరంటారు. అది ఒక అభిప్రాయం, అంతే. అతని వెంట వచ్చిన ఏడు పేర్లను పటంలో పెడితే వేరే సంగతి బయటపడుతుంది. నాలుగు ఉత్తరాన, ఒకటి తూర్పున, రెండు దక్షిణ, పడమరల్లో. యెహెజ్కేలు ఎరిగిన లోకానికి అవి నాలుగు అంచులు. పక్కనే ఉండే శత్రువులు ఎదోము, మోయాబు, ఐగుప్తు, చివరికి బబులోను కూడా ఈ జాబితాలో లేవు. ప్రకటన 20:8 గోగు మాగోగులను "భూమి నలుదిక్కులందు" ఉన్న జనములు అన్నప్పుడు ఈ జాబితాను సరిగ్గా అలాగే చదివినట్టు కనబడుతుంది.

## 5. హార్‌మెగిద్దోను: ఒక్క వచనం మీద ఎంత కట్టవచ్చు?

ఈ పేరు బైబిలు మొత్తంలో ఒక్కసారే వస్తుంది, ప్రకటన 16:16లో. ఆ వచనంలో యుద్ధం జరగదు. రాజులను అక్కడికి పోగుచేశారని మాత్రమే ఉంది. యుద్ధానికి వాక్యం పెట్టిన పేరు రెండు వచనాల ముందు ఉంది: సర్వాధికారియైన దేవుని మహాదినపు యుద్ధం.

"హార్" అంటే కొండ. మెగిద్దో యెజ్రెయేలు మైదానం అంచున ఉన్న పాత పట్టణపు దిబ్బ. అక్కడ ఆ పేరుతో కొండ లేదు. ఈ ఇబ్బంది దాటవేయకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత మెగిద్దో వచ్చే పాత చోట్లు చూడండి:

- న్యాయాధిపతులు 5:19: కనాను రాజులు ఓడిన చోటు.
- 2 రాజులు 23:29: మంచి రాజు యోషీయా చనిపోయిన చోటు (క్రీ.పూ. 609).
- జెకర్యా 12:11: మెగిద్దో లోయలో జరిగిన ప్రలాపం.

ఈ మూడూ తెలిసినవాడికి "మెగిద్దో" అన్న మాట వినగానే యుద్ధం, ఓటమి, ఏడుపు గుర్తొస్తాయి. ప్రకటన రాసిన యోహాను ఆ జ్ఞాపకాన్ని లేపుతున్నాడా, చోటు చూపిస్తున్నాడా, రెండూనా? భవిష్యత్తులో అక్షరాలా అక్కడే జరుగుతుందని నమ్మేవాళ్లు కూడా ఆ జ్ఞాపకాన్ని వదిలేస్తే వచనంలో సగం పోయినట్టే.

యోవేలు 3లోని "యెహోషాపాతు లోయ"కు కూడా ఇదే పద్ధతి. ఆ పేరుకు "యెహోవా తీర్పు తీర్చును" అని అర్థం. 3:14లో అదే చోటును తీర్పు లోయ అంటాడు. పటంలో వెతికే ముందు పేరుకు అర్థం చూడాలి.

## 6. గుర్తులు, సంఖ్యలు, ఆయుధాలు

మొదటి నియమం: వాక్యమే చెప్పిన అర్థం ఉంటే వేరే అర్థం వెతకొద్దు. ఘటసర్పం సాతాను (ప్రకటన 12:9), పది కొమ్ములు పదిమంది రాజులు (17:12), జలములు ప్రజలు (17:15), పొట్టేలు మాదీయుల పారసీకుల రాజులు (దానియేలు 8:20). ఇలాంటివన్నీ ఒక పేజీలో రాసి పెట్టుకోండి.

రెండో నియమం: సంఖ్యను అనువాదంలోనే కాకుండా మూలంలో కూడా చూడాలి. ప్రకటన 14:20లో తెలుగు బైబిలు "నూరు కోసుల దూరము" అంటుంది. గ్రీకులో ఉన్నది 1,600 స్టాడియాలు, సుమారు 300 కిలోమీటర్లు. దూరం సరిపోయింది, సంఖ్య మాత్రం పోయింది. 1,600 అంటే నలభై నలభైలు. ఈ గ్రంథంలో నాలుగు, పది ఊరికే రావు. అది కొలతా, గుర్తా అని ఆలోచించాలంటే ముందు ఆ సంఖ్య కనబడాలి.

ఇంకొకటి. కింగ్ జేమ్స్ అనువాదంలో యెహెజ్కేలు 39:2 గోగు సైన్యంలో ఆరో వంతు మిగులుతుందని చెబుతుంది. దాని మీద లెక్కలు కట్టి ఎంతమంది చస్తారో చెప్పినవాళ్లున్నారు. అక్కడి హెబ్రీ క్రియ బైబిల్లో మరెక్కడా రాదు. దాన్ని "ఆరు" అనే మాటతో ముడిపెట్టడం వల్ల వచ్చిన అనువాదం అది. తర్వాతి అనువాదాలు చాలావరకు "నడిపించుకొని వత్తును" అనే అర్థమే ఇస్తాయి. రెండు అనువాదాలు దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే.

మూడోది ఆయుధాలు. యెహెజ్కేలులో గుర్రాలు, డాళ్లు, విల్లంబులు, ఈటెలు ఉన్నాయి. ఇక్కడ మీకు రెండే దారులు. అక్షరాలా తీసుకుంటే గుర్రాలూ విల్లంబులూ అక్షరాలా ఉండాలి. ప్రవక్త తన కాలపు మాటల్లో చెప్పాడంటే దేశాల పేర్లు, ఏడేళ్లు, ఏడు నెలలు కూడా అలాగే చెప్పి ఉండవచ్చని ఒప్పుకోవాలి. విల్లును క్షిపణి చేసి, ఏడేళ్లను మాత్రం క్యాలెండరులో ఉంచడం కుదరదు.

జెకర్యా 14:12లో నిలబడినవాళ్ల మాంసం కుళ్లిపోవడాన్ని అణుబాంబు అనేవాళ్లు 14:15 దాకా చదవాలి. అదే తెగులు గుర్రాలకు, కంచరగాడిదలకు, ఒంటెలకు, గాడిదలకు తగులుతుంది. వాక్యం దాన్ని ఆయుధం అనడం లేదు, యెహోవా పుట్టించే తెగులు అంటోంది.

## 7. ప్రకటన ఎక్కడెక్కడ అరువు తెచ్చుకుందో పక్కపక్కన పెట్టండి

పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు పాత నిబంధన, కుడివైపు ప్రకటన రాయండి.

- యోవేలు 3:13లో కొడవలి, పంట, ద్రాక్ష గానుగ: ప్రకటన 14:14-20.
- యెహెజ్కేలు 39:17-20లో పక్షులకు విందు: ప్రకటన 19:17-18.
- యెహెజ్కేలు 38:22లో దిగివచ్చే అగ్ని: ప్రకటన 20:9.

ఇప్పుడు ఒక చిక్కు ముందుకొస్తుంది. యోహాను గోగు అనే పేరును 20వ అధ్యాయంలో వాడాడు. గోగు యుద్ధంలోని పక్షుల విందును మాత్రం 19లో వాడాడు. ఆ రెంటి మధ్య 20వ అధ్యాయం మొదట్లో చెప్పిన క్రీస్తు వెయ్యేండ్ల పాలన ఉంది. తర్వాతి మెట్టులో వచ్చే వాదాలన్నీ ఈ ముడి చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దీన్ని పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

## 8. అవే యుద్ధాలా, వేరువేరా?

ఇప్పుడు వ్యాఖ్యానాలు తెరవచ్చు. చదివే ప్రతి రచయిత ఏ కళ్లద్దాలతో చూస్తున్నాడో పేజీ పైన రాయండి.

వెయ్యేండ్ల పాలనకు ముందు రాకడ (క్రీస్తు తిరిగి రావడం) అనేవాళ్లు 19, 20 అధ్యాయాలను వరుస సంఘటనలుగా చదువుతారు. వీళ్ల బలమైన ఆధారం 20:10. అపవాదిని అగ్నిగుండంలో పడవేసేటప్పటికి క్రూరమృగము, అబద్ధ ప్రవక్త అక్కడ ముందే ఉన్నారు. యెహెజ్కేలు గోగును ఎక్కడ పెట్టాలో మాత్రం వీళ్లలో వీళ్లకే కుదరదు. శ్రమల కాలానికి (చివరి రోజుల్లో వస్తుందని చెప్పే మహా కష్టకాలం) ముందు, మధ్యలో, చివర, వెయ్యేండ్ల తర్వాత అని నాలుగు మాటలూ వినబడతాయి.

వెయ్యేండ్లు ఇప్పటి సంఘకాలానికి గుర్తు అనేవాళ్లు 16, 19, 20 ఒకే యుద్ధాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తున్నాయంటారు. పైన రాసుకున్న ముడి వీళ్లకు ఆధారం. నేటి పండితులు వాడే గ్రీకు పాఠంలో 16:14, 19:19, 20:8 మూడింటిలోనూ "ఆ యుద్ధం" అన్నట్టు నిర్దిష్టంగా చెప్పడం మరో ఆధారం.

వెయ్యేండ్ల తర్వాత రాకడ అనేవాళ్లలో చాలామంది 19వ అధ్యాయాన్ని సువార్త గెలుపుగా, 20:7-9ని చివరి తిరుగుబాటుగా చదువుతారు. గుర్రం మీదివాడి ఖడ్గం నోట నుంచి వస్తుందన్నది (19:15) వీళ్లు పట్టుకునే మాట.

చాలావరకు మొదటి శతాబ్దంలోనే నెరవేరిందనేవాళ్లు క్రీ.శ. 70లో యెరూషలేము పతనాన్ని చూపిస్తారు.

పోల్చేటప్పుడు పోలికలతో పాటు తేడాలు కూడా రాయాలి. యెహెజ్కేలులో శవాలు పూడ్చడానికి ఏడు నెలలు పడితే ప్రకటన 20లో అగ్ని దహించేస్తుంది. మొదటిదాని తర్వాత మందిర దర్శనం, రెండోదాని తర్వాత ధవళ సింహాసనపు తీర్పు. పేరు కలిసింది గనుక యుద్ధం ఒకటే అనడం తొందరపాటు. వివరం తేడాగా ఉంది గనుక రెండూ వేరే అనడమూ అంతే.

దానియేలు 11 దగ్గర అదనపు జాగ్రత్త. 21 నుంచి 35 దాకా సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగో అంతియొకసు గురించి అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. 36వ వచనం నుంచి అతనేనా, అంత్యకాలపు రాజా అన్నది తెగలేదు. 40వ వచనం నుంచి చదువు మొదలుపెట్టేవాడికి ఈ గొడవ ఉన్నట్టే తెలియదు.

## 9. ప్రతి మాటకూ ఒక గుర్తు పెట్టండి

బోధించే ముందు నోట్‌బుక్ అంతా తిరగేసి ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం రాయండి.

- క: వాక్యంలో ఉన్నది. "గోగుతో పారసీకులు ఉన్నారు."
- ఖ: ఆధారంతో తీసిన అర్థం. "మెషెకు, తుబాలు నేటి తుర్కియే నేల మీద ఉండేవి."
- గ: ఊహ. "ఫలానా దేశాల ఒప్పందం ఈ కూటమికి మొదలు."

ప్రసంగంలో "గ" మాటను "క" మాటలా పలకకూడదు. "గ" మాటలు ఎక్కువైన ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదు.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

ఇరవై కోట్ల సైన్యం ఫలానా దేశానిదే అనడం. ప్రకటన 9:16లోని ఇరవై కోట్లు ఆరవ బూర ఊదినప్పటి తీర్పుకు సంబంధించినవి. తూర్పు రాజులు 16:12లో, దేవుని కోపం నిండిన ఆరవ పాత్ర కుమ్మరించినప్పుడు వస్తారు. రెండు చోట్లా యూఫ్రటీసు ఉందని కలిపి కుట్టేస్తారు. దిద్దుబాటు: 9:17-19 చదవండి. ఆ గుర్రాలకు సింహపు తలలు, పాముల్లాంటి తోకలు ఉన్నాయి. ముందు అవేమిటో చెప్పి, తర్వాత జనాభా లెక్కకు వెళ్లండి.

దేశం పేరు మారుతూ పోవడం. గోగు అంటే రోము మీదికి వచ్చిన గోతు జాతివాళ్లని 4వ శతాబ్దంలో అంబ్రోసు, తుర్కులని 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ అన్నారు. ఇద్దరూ పండితులే. తమ ఇంటి వాకిట నిలబడ్డ శత్రువునే వాక్యంలో చూశారు. దిద్దుబాటు: మీ వివరణ వందేళ్ల క్రితం మనిషికి చెబితే నిలబడుతుందా అని అడగండి.

నెరవేర్పుల మధ్య ఎడం గమనించకపోవడం. యెషయా 61:1-2ను యేసు నజరేతులో చదివి "ప్రతిదండన దినము" అనే మాటకు ముందే ఆపాడు (లూకా 4:18-20). ఒకే వచనంలో పక్కపక్కనున్న మాటలు ఒకే రోజున జరగాలని లేదు. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ఎడం ఉందనడానికి వాక్యంలో ఆధారం చూపలేకపోతే ఎడం పెట్టొద్దు.

అన్నీ గుర్తులే అని తేల్చేయడం. వార్తలకు అంటించేవాళ్లను చూసి విసిగినవాళ్లు చేసే తప్పు ఇది. జెకర్యా 14:4లో ఒలీవకొండ యెరూషలేముకు తూర్పున ఉందని ప్రవక్త ప్రత్యేకంగా చెబుతాడు. అంత గుర్తుగా చోటు చెప్పినప్పుడు ఎందుకు చెప్పాడో అడగకుండా దాటిపోకూడదు.

## వార్త వచ్చిన రోజు వాడే కాగితం

"ఇది గోగు యుద్ధమేనా?" అని ఎవరైనా అడిగితే కింది గడులు వాళ్లతోనే నింపించండి.

- దాడి చేసేవాళ్లలో 38:2-6లోని ఏడు నేలలవాళ్లూ ఉన్నారా? ఎవరెవరు లేరు?
- దాడికి గురైన జనులు గోడలు లేకుండా నిర్భయంగా ఉన్నారా (38:11)? సరిహద్దు గోడలు, కాపలా ఉన్న దేశానికి ఈ వచనం ఎలా సరిపోతుంది?
- వచ్చింది దోపుడు సొమ్ముకేనా (38:12)?
- ముగింపు మనుషుల చేతనా, 38:19-22లో ఉన్నట్టు దేవుని చేతనా?
- దాన్ని చూసి అన్యజనులు యెహోవాను తెలుసుకున్నారా (38:23)?
- అవును అని రాసిన ప్రతి గడి పక్కన క, ఖ, గ లలో ఏది?

తేదీకి ఈ కాగితంలో గడి గీయొద్దు. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని విలియం మిల్లర్ అనుచరులు, 2011 మే 21న తీర్పు మొదలవుతుందని హెరాల్డ్ క్యాంపింగ్ లెక్క కట్టి మరీ చెప్పారు. ఎవరైనా తేదీ రాయమని పట్టుబడితే మత్తయి 24:36, అపొస్తలుల కార్యములు 1:7 వాళ్లచేతే బిగ్గరగా చదివించి, మళ్లీ మొదటి గడి దగ్గరికి రండి.